కాలేజీ మెయిల్ సర్వర్: పాత పోస్ట్‌ఫిక్స్‌నే సరిచేసుకోవాలా, మెయిల్‌కౌకి మారాలా?

రవళి_నెట్: మా కాలేజీలో 400 మెయిల్‌బాక్సులున్నాయి. వచ్చే ఏడాది విద్యార్థులకూ ఇస్తారట, 3000 దాటొచ్చు. ఇప్పుడున్నది పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ని యూజర్లకి చూపించేది). ప్రతి యూజరూ ఒక లినక్స్ ఖాతా, మెయిలంతా ఎంబాక్స్ ఫైళ్లలో. దీన్నే సరిచేసుకోవాలా, అన్నీ కలిపి కంటైనర్లలో రెడీగా వచ్చే మెయిల్‌కౌకి మారాలా? ఏం చేయమంటారు?

పాత_పోస్ట్‌మాస్టర్: మారడం దేనికండీ? ఎంబాక్స్ వదిలి మెయిల్‌డిర్‌కి రండి. ఎంబాక్స్‌లో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలు. మధ్యలో ఒక మెయిల్ తీసేస్తే ఆ వెనకదంతా తిరగరాయాలి, అంతసేపూ ఫైలు లాక్. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిలూ ఒక్కో ఫైలు. యూజర్లని డేటాబేస్ టేబుల్లో పెట్టండి, పోస్ట్‌ఫిక్సూ డవ్‌కాటూ అదే చూసుకుంటాయి. 3000 ఒక లెక్కా! మెయిల్‌కౌ అయితే 6 జీబీ ర్యామ్ అడుగుతుంది.

కంటైనర్_కుమార్: అందులోని వైరస్ స్కానర్ క్లామ్‌ఏవీ ఆపేస్తే తగ్గుతుంది.

పాత_పోస్ట్‌మాస్టర్: మరి వైరస్‌లెవరు చూస్తారు?

కంటైనర్_కుమార్: మీ సర్వర్లో స్కానర్ ఉందా?

పాత_పోస్ట్‌మాస్టర్: అది వేరే సంగతి.

బెజవాడ_బాబ్జీ: ర్యామ్ కొనుక్కోవచ్చు లెండి. ఐపీకి పీటీఆర్ రికార్డు (ఐపీ ఏ సర్వర్‌దో చెప్పేది) ఉందా? మెయిల్ నిజంగా మీ డొమైన్‌దేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్? రోజుకి జీమెయిల్ ఖాతాలకు 5000కి పైగా మెయిళ్లు పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ తప్పనిసరి. ఫలితాల రోజు తల్లిదండ్రులందరికీ పంపితే మీరూ ఆ లెక్కలోకి రావొచ్చు.

పాత_పోస్ట్‌మాస్టర్: డీకిమ్ పెట్టడం అరగంట పని. నాకు 6 జీబీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కంటైనర్_కుమార్: నా సంగతి వినండి. మా ఆఫీసులో ఒకాయన అంతా చేత్తో కట్టి, ఒక్క కాగితం రాయకుండా వెళ్లిపోయారు. సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అవుతోంది, కానీ కొత్తది చదువుకునేలా డవ్‌కాట్‌ని రీలోడ్ చేసే లైను ఆయన సొంత క్రాన్‌లో (టైముకి పనులు నడిపే జాబితాలో) ఉంది. ఆయన ఖాతా మూసేశాక అదీ పోయింది. పాత సర్టిఫికెట్ గడువు ముగిసి, ఒక సోమవారం పొద్దున అందరి ఫోన్లలోనూ ఎర్రర్. ఆయనకి ఫోన్ చేస్తే 'కాన్ఫిగ్‌లోనే ఉంది, చూసుకోండి' అన్నారు. రేపు డవ్‌కాట్ 2.4 వేయాలంటే పాత కాన్ఫిగ్ పనిచేయదు. తిరగరాసేదెవరు?

పాత_పోస్ట్‌మాస్టర్: చదవడం రాకపోతే తప్పు పోస్ట్‌ఫిక్స్‌దా? బటన్లు నొక్కేవాళ్లకి క్యూలో మెయిల్ ఎందుకాగిందో జన్మలో తెలీదు.

కంటైనర్_కుమార్: మీరున్నన్నాళ్లూ నడుస్తుందండీ. తర్వాతో?

పాత_పోస్ట్‌మాస్టర్: అంటే నేను పోయినా ఫర్లేదనేగా! మా మేనేజ్‌మెంటుదీ ఇదే పాట. 'బటన్ నొక్కితే అయ్యేదానికి నీకింత జీతమెందుకు' అని ముఖం మీదే అడిగారు.

తెనాలి_టక్స్: హమ్మయ్య, అసలు విషయం బయటపడింది.

రవళి_నెట్: ఒక్క మాటండీ. ఇక్కడ అడ్మిన్ అంటూ ఎవరూ లేరు. నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. దీనికి రోజుకి గంట ఇచ్చారు.

బెజవాడ_బాబ్జీ: ఇది మొదట్లోనే చెప్పాల్సింది కదండీ! అయితే సొంత సర్వరే వద్దు. అర్హత ఉన్న విద్యాసంస్థలకి గూగుల్ వర్క్‌స్పేస్ ఉచితం, మెయిల్ గూగులే నడుపుతుంది. మీ ప్రిన్సిపాల్‌తో దరఖాస్తు పెట్టించండి.

పాత_పోస్ట్‌మాస్టర్: ఉచితమేలెండి. ఒకప్పుడు స్టోరేజీకి హద్దే లేదన్నారు, ఇప్పుడు సంస్థంతటికీ కలిపి 100 టీబీ. ఏదైనా సరే, ముందు మెయిల్‌డిర్‌కి మార్చండి.

కంటైనర్_కుమార్: గూగుల్‌కి పోయేదానికి మెయిల్‌డిర్ దేనికండీ?