అప్‌డేట్: చైన్ సా బాగైంది, కొత్తది కొనలేదు

పోయిన వారం అడిగాను కదా, 2014లో హుద్‌హుద్ తుపానుకి పెరట్లో పడిన చెట్లు కోయడానికి కొన్న పెట్రోల్ చైన్ సా స్టార్ట్ అవుతోంది గానీ, యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతోందని. "పారేసి కొత్తది కొనండి" అన్నవాళ్లే ఎక్కువ. ఒకరిద్దరు మాత్రం ముందు పెట్రోల్ సంగతి చూడమన్నారు. వాళ్లకి పెద్ద థాంక్స్.

ట్యాంకులో ఉన్నది ఏడాది నాటి పెట్రోలు. వంపితే వార్నిష్ వాసన! లోపలి ఫిల్టర్‌ని తీగ కొక్కెంతో బయటికి లాగితే నల్లగా జిగురు పట్టి ఉంది. కంచరపాలెంలో ఒక మెకానిక్ కార్బురేటర్ విప్పి చూపించాడు. మెత్తగా సాగాల్సిన డయాఫ్రం (పెట్రోలుని లోపలికి లాగే పల్చటి పొర) వేయించిన అప్పడంలా బిగుసుకుపోయింది. డయాఫ్రం ఉండే కార్బురేటర్ రిపేర్ కిట్ మార్చి, ఫిల్టర్ కొత్తది వేస్తే గంటలో పనైపోయింది. ఇక నుంచి లీటరు పెట్రోలుకి 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్ కొలిచి పోయాలి, మాన్యువల్‌లో 50:1 అనే ఉంది. నేనేమో ఇన్నాళ్లూ కంటి అంచనాతో పోసేవాణ్ణి.

కోత వంకరగా పోతోందని బార్‌ని (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీని) అనుమానించాను, పాపం. తీరా చూస్తే చైన్‌లో ఒక వైపు పళ్లు పొట్టి, రెండో వైపువి పొడుగు. కుడిచేతివాటం కదా, ఆకురాయి ఒక వైపే గట్టిగా పడేది. సరిచేశాక వేప కొమ్మ మీద పెడితే పిండిలాంటి పొడి కాదు, చక్కగా పేళ్లు రాలాయి.

తిరిగే చైన్‌ని చటుక్కున ఆపే చైన్ బ్రేక్ మాత్రం ఇంకా సరిగా పట్టడం లేదు. సోమవారం రమ్మన్నాడు. అప్పటిదాకా మిషన్ ముట్టను.