ఆదరణ కూడికలో ఏడిస్తే విశ్వాసం లేనట్టేనా?

తెనాలి సహోదరి:
అందరికీ వందనాలు. మా మరిది కిడ్నీలు పాడై ఈమధ్యే ప్రభువునందు నిద్రించాడు. చిన్నపిల్లలు ఇద్దరు. మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు వచ్చిన దైవజనుడు, పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖలోంచి 4:4 తీశారు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి." అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మా తోడికోడల్ని లేపి నిలబెట్టి, ఏడుపు ఆపి స్తుతి సాక్ష్యం చెప్పమన్నారు. ఆ పిల్లకు నోరు పెగల్లేదు. "నిరీక్షణ లేనివాళ్లలా ఏడుస్తావేంటమ్మా" అని అందరి ముందూ అన్నారు. అప్పట్నుంచి ఆమె గుడికి రావడం లేదు. మొగుడు పోయిన మనిషిని ఆనందించమని నిలదీయడం వాక్యానుసారమేనా?

కాపరి బిడ్డ:
సిస్టర్, మీ కుటుంబాన్ని ప్రభువు ఆదరించును గాక. ఆయన అడిగిన తీరు కటువుగా ఉండొచ్చు, వాక్యం మాత్రం తప్పు కాదు. ఆ మాట రాసిన పౌలు అప్పుడు రోమా చెరలో సంకెళ్లతో ఉన్నాడు. అదే పౌలు, సీల ఫిలిప్పీలో బెత్తాల దెబ్బలు తిని, చెరసాలలో కాళ్లకు బొండ (కదలనివ్వని కొయ్య) వేసి ఉండగా మధ్యరాత్రి కీర్తనలు పాడారు. అపొస్తలుల కార్యములు 16 చదవండి. పరిస్థితి బాగున్నప్పుడు లోకస్థులూ ఆనందిస్తారు. బాగోలేనప్పుడే కదా మన సాక్ష్యం!

బెరయ:
రోమా చెర అని అంత గట్టిగా ఎలా చెప్తున్నారు? ఎఫెసులో ఉండగా రాశాడనే పండితులున్నారు, కైసరయ అనేవాళ్లూ ఉన్నారు.

కొల్లిపర విశ్వాసి:
"యేసు కన్నీళ్లు విడిచెను." యోహాను 11:35.

కాపరి బిడ్డ:
విడిచాడు. ఆ వెంటనే చనిపోయిన లాజరును లేపాడు. అక్కడే కూర్చుండిపోలేదు.
బెరయ గారూ, 4:22లో కైసరు ఇంటివారి వందనాలు ఉన్నాయి. రోమా కాక ఇంకెక్కడ?

బెరయ:
కైసరు ఇంటివారంటే చక్రవర్తి దగ్గరి దాసులు, ఉద్యోగులు కూడా. వాళ్లు సామ్రాజ్యంలో చాలా పట్టణాల్లో ఉండేవారు. పైగా ఆ లేఖలో ఫిలిప్పీకీ చెరకీ మధ్య రాకపోకలు చాలా కనిపిస్తాయి. రోమా నుంచైతే అంత దూరం అన్నిసార్లు కష్టం.

తెనాలి సహోదరి:
అయ్యా, ఏ ఊరి జైలైతే మాకేంటి? అదే లేఖలో 2:27 చూడండి. ఫిలిప్పీవాళ్లు సాయంతో పంపిన ఎపఫ్రొదితు చావుబతుకుల్లో ఉంటే, తనకు "దుఃఖముమీద దుఃఖము కలుగకుండుటకై" దేవుడు కనికరించాడని పౌలే రాసుకున్నాడు. ఆనందించమన్న మనిషికే దుఃఖం ఉంది. రాళ్లతో కొట్టి చంపిన స్తెఫనును పాతిపెట్టినప్పుడు భక్తిగల మనుష్యులు బహుగా ప్రలాపించారు. వాళ్లను ఎవరూ గద్దించలేదే! 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతోనే ముగుస్తుంది. దాని కింద స్తుతి లేదు.

షాలోము:
ఆమేన్ సిస్టర్. మా నాన్న పోయినప్పుడు మమ్మల్నీ ఇలాగే అన్నారు.

కాపరి బిడ్డ:
88 దగ్గర ఆగిపోతే ఎలా? హబక్కూకు ప్రవక్త గ్రంథం 3:17-18 చదవండి. అంజూరపు చెట్లు పూయకపోయినా, సాలలో పశువులు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్నాడు. దుఃఖానికి చోటిచ్చేకొద్దీ అది ఇల్లంతా ఆక్రమిస్తుంది. ఆమె గుడి మానేసిందంటేనే తెలుస్తోంది కదా.

తెనాలి సహోదరి:
దుఃఖం వల్ల మానలేదు, మీలాంటివాళ్ల వల్ల మానేసింది. మీ ఇంట్లో పాడె లేస్తే తెలుస్తుంది ఈ మాటలు ఎంత సులువో.

కాపరి బిడ్డ:
లేచింది సిస్టర్. మా నాన్న పల్లెటూరి పాస్టరు. ఆయన పోయేనాటికి నేను ఏడో తరగతి. సంఘం వాళ్లు ఇల్లు ఖాళీ చేయమన్నారు. అమ్మ మంచం దిగలేదు. చెల్లెళ్లకు గంజి కాచింది నేను. నన్ను బడి మాన్పించేశారు. అమ్మ ఏడ్చిన ఆ ఏడాది మాకు తల్లి కూడా లేదు. చివరికి స్త్రీల సమాజంలో ఒక ముసలమ్మ వచ్చి, "లే, పాట పాడు, పిల్లలు బతకాలి" అని గదమాయించింది. పాడించింది. అమ్మ లేచింది. ఏడ్చుకోనివ్వండి అని మీరంతా సులువుగా అంటున్నారు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. నా భయం వాళ్ల గురించి.

తెనాలి సహోదరి:
ఆ ముసలమ్మ ఒక్కరోజు వచ్చి గదమాయించి వెళ్లిపోయిందా?

కాపరి బిడ్డ:
లేదు. రోజూ వచ్చేది. బియ్యం తెచ్చేది.

తెనాలి సహోదరి:
మరి మా ఇంటికి వచ్చిన దైవజనుడు భోజనం చేసి, కవరు తీసుకుని కారెక్కారు. మళ్లీ ఫోను లేదు. సంఘ పెద్దలూ రాలేదు. డయాలసిస్‌కు తిరిగిన అప్పులు అలాగే ఉన్నాయి. ఆనందించు అన్నాక ఇక వాళ్ల పని అయిపోయింది. నా బాధ ఆ వచనం మీద కాదు. అది చెప్పి చేతులు దులుపుకోవడం మీద. పౌలు సైతం 4:10లో తాను మిక్కిలి సంతోషించానన్నది దేనికి? ఫిలిప్పీవాళ్లు తనను తలచుకుని సాయం పంపినందుకు.

కాపరి బిడ్డ:
ఆ కింది వచనం కూడా చదవండి. "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను." సాయం రాకపోయినా ఉండే ఆనందం గురించే నేను మాట్లాడుతున్నది. మనుషులు వస్తేనే ఉండేదైతే, వాళ్లు మానేసిన రోజున ఆమెకు ఏం మిగులుతుంది?

తెనాలి సహోదరి:
4:14 కూడా చదవండి. "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని." సంతృప్తిగా ఉన్నాడు కదా, మనమెందుకు అని ఫిలిప్పీవాళ్లు ఊరుకోలేదు. ఆమె లోపల ఏం మిగిలిందో ప్రభువుకు తెలుసు. రాత్రిళ్లు పిల్లల్ని పడుకోబెట్టి ప్రార్థన చేసుకుంటూనే ఉంది, నేను విన్నాను. మైకు ముందు చెప్పించాల్సిన అవసరం ఎవరికుంది?

కాపరి బిడ్డ:
ప్రార్థన మానలేదంటే సంతోషం. కానీ ఆరాధనకు దూరంగా ఉంచడం మంచిది కాదని ఇప్పటికీ అంటాను. వేరే సంఘానికైనా తీసుకెళ్లండి.

కొల్లిపర విశ్వాసి:
తెనాలిలో ఏ పేటండీ మీది? ఈ శనివారం నేనూ మా అత్తగారూ వస్తాం. వాక్యం ఏమీ చెప్పం, పిల్లలతో కాసేపు ఉండి వస్తాం. అడ్రసు విడిగా పంపండి.