ఫ్రెషర్లకు ప్రింట్ నేర్పాలా, బ్రేక్‌పాయింట్ నేర్పాలా?

సెమీకోలన్: మా టీమ్‌లో కొత్తబ్బాయి బగ్ వెతకడానికి ఒక్క జాంగో వ్యూలో (వెబ్ రిక్వెస్టుకు జవాబిచ్చే పైతాన్ కోడ్) 23 ప్రింట్లు, అంటే విలువలు రాసి చూపించే లైన్లు, పెట్టాడు. వాటిలో రెండు రివ్యూ దాటి మెయిన్ కోడ్‌లోకి వెళ్లిపోయాయి. ఒకటి కస్టమర్ల ఫోన్ నంబర్లు లాగ్‌లోకి (సర్వర్ రాసుకునే చిట్టా) కక్కుతోంది! వీఎస్ కోడ్ ఎడిటర్‌లో లైన్ నంబర్ పక్కన నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, అదే బ్రేక్‌పాయింట్. ఎఫ్5 కొడితే ప్రోగ్రాం అక్కడ ఆగుతుంది. ఏ వేరియబుల్‌లో ఏముందో మొత్తం కనబడుతుంది. ఇంకా ఈ ప్రింట్ల పిచ్చి ఏంటి?

రాత్రిషిఫ్టు: చుక్క పెట్టి ఆపుతవ్ సరే. జాంగోను నడిపే సర్వర్ గునికార్న్ ఉంది కద, దాని టైమవుట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు. రిక్వెస్ట్ చూసే సింక్ వర్కర్ ప్రాసెస్‌ను ఆపుకుని నువ్వు చూస్తుండంగనే మాస్టర్ దాన్ని చంపి కొత్తది లేపుతది. మళ్ల మొదటికే.

సెమీకోలన్: లోకల్‌లో గునికార్న్ ఎవరు నడుపుతారండీ? జాంగోతో వచ్చే రన్‌సర్వర్ ఉందిగా.

రాత్రిషిఫ్టు: మేం నడుపుతం. యాప్‌ను విడి కంటైనర్‌ల పెట్టి నడిపే డాకర్‌ల అదే ఉంది.

సెమీకోలన్: టైమవుట్ 0 పెట్టుకోండి. ఒక్క లైను.

రాత్రిషిఫ్టు: ముంగట రిక్వెస్టులు అందుకునే ఎన్జిన్ఎక్స్ సర్వర్ ఉంటది. అది డిఫాల్ట్‌గా 60 సెకన్లకు 504 టైమవుట్ ఎర్రర్ ఇస్తది. దానికీ ఒక లైనా?

గోదారిగట్టు: లాగ్‌పాయింట్ అని ఒకటుందండోయ్. ప్రోగ్రాం ఆగదు, కోడ్ మారదు, మీక్కావలసిన విలువ డీబగ్ కన్సోల్‌లో పడుతుంది. ఎవరూ వాడరు.

చిన్నూ: అన్నా, నా బ్రేక్‌పాయింట్ ఎరుపు పోయి బూడిద రంగు సున్నాలా అయిపోతోంది, ఆగట్లేదు. ఎందుకు?

పాతపీహెచ్‌పీ: పీహెచ్‌పీ డీబగ్గర్ ఎక్స్‌డీబగ్ 3లో డిఫాల్ట్ పోర్టు 9000 నుంచి 9003కి మార్చారు. పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం కూడా 9000 మీదే ఉంటుంది కాబట్టి మార్చడం న్యాయమే. కానీ పాత సెట్టింగ్ పెట్టుకుని నేను ఆదివారమంతా తగలేశాను, ఆ రోజే మా బావమరిది గృహప్రవేశం. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. విలువను ప్రింట్ చేసే వార్‌డంప్ అయితే రెండు నిమిషాల పని.

సెమీకోలన్: మీ గృహప్రవేశానికీ డీబగ్గర్‌కీ ఏం సంబంధం సార్? సెట్టింగ్ రాయడానికి బద్ధకం, అంతే. రాత్రిషిఫ్టు గారూ అంతే.

రాత్రిషిఫ్టు: బద్ధకమా? రాత్రి రెండింటికి క్లయింట్ కాల్‌ల ఎన్నడన్నా కూసున్నవా నువ్వు? నాకు ప్రొడక్షన్ మెషీన్ మీద కమాండ్లు కొట్టే షెల్ లేదు. వాళ్లిచ్చిన రిమోట్ డెస్క్‌టాప్‌ల ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనియ్యరు. నాకు దొరికేది లాగ్ ఫైలొక్కటే, అదీ టికెట్ పెట్టినంక. నీ ఎర్రచుక్క నీ ల్యాప్‌టాప్ దాటదు. బగ్ నా కాడికొస్తది.

సెమీకోలన్: అది లాగింగ్ సంగతి కదా, ప్రింట్ సంగతి కాదు. ఎంత ముఖ్యమో చెప్పే లెవెల్ పెట్టి లాగర్‌తో రాస్తే నేనెందుకు వద్దంటాను?

రాత్రిషిఫ్టు: వద్దనే అంటరు. మా దగ్గర రాసిన ప్రతి లాగ్ లైనునూ రివ్యూల ‘చెత్త, తీసెయ్’ అంటరు డెవలప్‌మెంటోళ్లు. తీసేసినంక సపోర్టోళ్లు ఊహించుకోవాలె. నువ్వు చెప్పు, ఎన్ని తీయించినవ్?

సెమీకోలన్: ...తీయించాను. చాలానే. ఫోన్ నంబర్లు బయటపడతాయని భయం.

రాత్రిషిఫ్టు: నంబర్ తీసెయ్, ఆర్డర్ ఐడీ ఉంచు. లైన్ మొత్తం ఎందుకు పీకుడు?

గోదారిగట్టు: చిన్నూ, సర్వర్ డాకర్‌లో నడుస్తోందా? అయితే డీబగ్ సెట్టింగ్స్ ఉండే లాంచ్ ఫైల్లో పాత్ మ్యాపింగ్స్ చూడు. నీ ఫోల్డర్ ఒకటి, కంటైనర్‌లో ఫోల్డర్ ఇంకోటి. రెండూ కలపకపోతే ఎడిటర్‌కి ఆ లైను ఎక్కడుందో తెలీదు.

చిన్నూ: కలిపాను. ఎరుపొచ్చింది 🙏

సెమీకోలన్: సరే, ఆర్డర్ ఐడీ ఉంచుతాం. కానీ ఆ 23 ప్రింట్లు మాత్రం ఉంచను.

రాత్రిషిఫ్టు: ఉంచుమని ఎవడన్నడు?