వంటింటి కత్తికి ఏ ఉక్కు తీసుకోవాలి? సలాకతో చేసింది పదును నిలవట్లేదు

ప్రశ్న (దేవరకొండ దగ్గరి నుంచి):
మా తాత నడిపిన కొలిమి ఇంటి వెనక పాడుపడి ఉంటే బాగు చేసుకుని, తిత్తి బదులు చిన్న బ్లోయర్ పెట్టి ఆరు నెలలుగా కత్తులు చేయడం నేర్చుకుంటున్నాను. మొదటిది స్లాబు పనిలో మిగిలిన సలాకతో చేశాను. చూడ్డానికి బాగుంది కానీ కిలో మటన్ కోసేసరికి అంచు మడత పడిపోయింది. రెండోది లారీ కమాన్ పట్టీతో (కింద బరువు మోసే స్ప్రింగ్ పట్టీ) చేసి, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే 'టిక్' అని చప్పుడొచ్చి నడిమిట్ల వెంట్రుకంత పగులు. అమ్మకు ఒక మంచి కత్తి చేసివ్వాలని ఉంది. పాత సామాన్ల దుకాణానికి పోతే ఏది అడగాలి అన్నా?

జవాబు (మిర్యాలగూడ, లేత్ పని):
తమ్ముడూ, సలాకది నీ తప్పు కాదు. అందులో కార్బన్ పావు శాతం అటూఇటూ ఉంటుంది, దాన్ని ఎంత కాల్చి ముంచినా కత్తికి కావాల్సినంత గట్టిపడదు. పాతకాలంలో కమ్మరోళ్ళు గొడ్డలికి మెత్తని ఇనుము వాడి అంచుకు మాత్రం ఉక్కు అతికించింది అందుకే. కత్తికి కనీసం అర శాతం పైన కార్బన్ కావాలి. కమాన్ పట్టీలో 0.5 నుంచి 0.6 దాకా ఉంటుంది, బేరింగ్ రింగుల్లో దాదాపు 1 శాతం, మంచి పాత ఆకురాయిలో (ఇనుము అరగదీసే ఫైలు) అంతకంటే కొంచెం ఎక్కువే. బేరింగ్ ఉక్కు పదును బాగా పడుతుంది కానీ వేడి విషయంలో చాలా జాగ్రత్త అడుగుతుంది. నువ్వు ఇంకా నేర్చుకుంటున్నావు కాబట్టి కమాన్ పట్టీనే పట్టుకో, అది చిన్న చిన్న తప్పులు ఓర్చుకుంటుంది.

కానీ లారీ కింద పదేళ్ళు పని చేసిన పట్టీ తెచ్చుకోకు. కంటికి కనపడని పగుళ్ళు అందులో ముందే ఉండొచ్చు, నీ చేతిలో విరిగినప్పుడు తప్పు ఉక్కుదో నీదో ఎప్పటికీ తేలదు. సూర్యాపేట హైవే పక్కన కమాన్లు కట్టే షెడ్లలో కొత్త పట్టీలు కోసినప్పుడు మిగిలిన ముక్కలు అడుగు. ఒకే పట్టీవి నాలుగైదు ముక్కలు తీసుకుంటే ఒకదాని మీద నేర్చుకున్నది ఇంకోదాని మీద పనికొస్తుంది.

ఇక నీళ్ళు. ఆ ఉక్కును నీళ్ళలో ముంచొద్దు, నూనెలో ముంచాలి. వంటనూనె చాలు, 50, 60 డిగ్రీల దాకా వెచ్చబెట్టి ముంచు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వాడేవాళ్ళున్నారు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. దగ్గర్లో మూత ఉంచుకో, నూనె అంటుకుంటే మూసెయ్, నీళ్ళు మాత్రం పొయ్యకు. ఎంత కాల్చాలో రంగు చూసి చెప్పడం పగటిపూట కష్టం, అందుకని సాయంత్రం చీకట్లో పని పెట్టుకుని పక్కన అయస్కాంతం ఉంచుకో. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడి నుంచి ఇంకొంచెం, నారింజ రంగు మొదలయ్యే దాకా కాల్చి ముంచెయ్. ముంచే ముందు అంచు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్ళంత మందం ఉండాలి. ముందే పలచగా అరగదీస్తే వంకర పోతుంది.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్. కత్తి మొదలుపెట్టకముందే అదే పట్టీలోంచి వేలెడంత ముక్క కోసి కాల్చి నూనెలో ముంచి, దాని మీద ఆకురాయి రుద్ది చూడు. ఆకురాయి పట్టకుండా జారిపోతే గట్టిపడినట్టు. తర్వాత ముక్కను బట్టలో చుట్టి, పాత కళ్ళద్దాలైనా పెట్టుకుని, వైస్‌లో బిగించి సుత్తెతో విరగ్గొట్టు. విరిగిన చోట మెత్తని బూడిద రంగు ఉంటే సరే. గళ్ళుప్పు లాగ పలుకులు మెరుస్తుంటే ఎక్కువ కాల్చావన్నమాట. దుకాణం వాడు ఏ పేరు చెప్పి అమ్మినా నేను ఈ ముక్కనే నమ్ముతాను.

ఇంకొకరు (జడ్చర్ల):
వంటింటి కత్తికి కమాన్ పట్టీ చాలా మందం కదా, రెండు మిల్లీమీటర్లకు తేవాలంటే చేతులు పడిపోతాయి. కట్టెకోత మిల్లులో పనికిరాని బ్యాండ్ రంపం పట్టీ అడిగి చూడండి. అది ముందే గట్టిపడి ఉంటుంది, కొలిమి అవసరం లేదు, గ్రైండర్‌తో ఆకారం తీసుకోవడమే. వేలితో పట్టుకోలేనంత వేడెక్కకముందే నీళ్ళలో ముంచుతూ ఉండాలి, నీలం రంగు వచ్చిందంటే ఆ చోట మెత్తబడినట్టే. పదును కొంచెం తొందరగా పోతుంది, కానీ సాన మీద నాలుగు రుద్దులకు తిరిగొస్తుంది. మా ఇంట్లో కూరగాయలకు వాడేది అదే.

అడిగినవారు:
ముక్క విరగ్గొట్టి చూశాను అన్నా, మొదటిది గళ్ళుప్పే! రెండోసారి అయస్కాంతం పెట్టుకుని చేస్తే మెత్తగా వచ్చింది, ఆకురాయి జారింది. ఇప్పుడు కత్తి ముంచాక వెంటనే పదును పెట్టొచ్చా?

జవాబు (మిర్యాలగూడ):
వద్దు. ముంచి తీసిన కత్తి గాజు లాంటిది, కింద పడితే ముక్కలవుతుంది. చేతికి వెచ్చగా ఉండగానే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు, చల్లారాక ఇంకో గంట పెట్టు. కేకులు చేసే చిన్న ఓవెన్ చాలు, కానీ దాని డయల్ మీద నమ్మకం పెట్టుకోకు. ముందే కత్తి ఒక పక్క తళతళా తోమి ఉంచితే ఎండుగడ్డి రంగు వస్తుంది, వంటింటి కత్తికి ఆ రంగు సరిపోతుంది. ఎముకలు కొట్టే కత్తికైతే ఇంకొంచెం వేడి పెంచి గోధుమ రంగు దాకా పోనియ్యి.

ఇంకొకటి, జింకు పూత ఉన్న పైపులు, రేకులు కొలిమిలో పెట్టకు, ఆ పొగకు జ్వరం వస్తుంది. పిడికి నల్లతుమ్మ కట్టె బాగుంటుంది, కానీ పచ్చిది బిగిస్తే ఎండాకాలంలో పగులుతుంది, ఏడాది ఎండినది వెతుకు. అమ్మకు ఇచ్చేటప్పుడు చెప్పు, ఇది తుప్పు పట్టని స్టీలు కత్తి కాదు, చింతపండు, నిమ్మకాయ కోసి సింకులో వదిలేస్తే తుప్పు పడుతుంది, కడిగి తుడిచి చుక్క నూనె రాయాలి.