డిజిటల్ కథలో తెర మీద అక్షరాలు: వేయాలా, తీసేయాలా?

గార_ఛాత్రోపాధ్యాయిని:
అందరికీ నమస్కారమండీ. డి.ఎల్.ఎడ్ టీచింగ్ ప్రాక్టీసులో రెండో తరగతికి డిజిటల్ కథ చేయాలి. విషయం మా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వలస వచ్చే పక్షులు. 12 బొమ్మలు, రెండున్నర నిమిషాలు, గొంతు నాదే. బడిలో 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఉంది. చెప్పే ప్రతి మాటా తెర అడుగున అక్షరాల్లో రావాలని బడిలో టీచరు గారు అంటున్నారు. ఒక్క అక్షరం కూడా వద్దని కాలేజీలో మేడమ్ గారు. ఏది సరి? కారణం కూడా చెప్పండి, రికార్డులో రాసుకోవాలి.

చంపావతి:
మేడమ్ గారిదే సరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలా ప్రయోగాలు చేశారు. బొమ్మా గొంతూ ఉన్నచోట అవే మాటలు మళ్లీ అక్షరాల్లో వేస్తే నేర్చుకోవడం తగ్గుతుందని తేల్చారు. బొమ్మ చూడాల్సింది కళ్లే, అక్షరాలు చదవాల్సిందీ కళ్లే. మాటల్ని చెవి తీసుకుంటూనే ఉంది, మళ్లీ కంటికెందుకు? మీ కథనే తీసుకోండి. పెలికాన్‌కి ముక్కు కింద సంచి, పెయింటెడ్ స్టార్క్‌కి తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఈ తేడా పిల్ల కంట్లో పడాలనే కదా ఆ కథ. కిందికి చూసి ‘పె... లి...’ అని కూడబలుక్కునేలోగా బొమ్మ మారిపోతుంది. సంచీ పోయింది, ఈకలూ పోయాయి.

బొబ్బిలి_బడి:
చంపావతి గారూ, మేయర్ ప్రయోగాల్లో కూర్చున్నది ఎవరండీ? ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. మెరుపు ఎలా పుడుతుంది, పంపు ఎలా పనిచేస్తుంది లాంటివి వాళ్ల పాఠాలు. వాళ్లకి చదవడం వచ్చు. రెండో తరగతి పిల్లకి చదవడమే పాఠం. ఇటు మన దేశంలో జరిగిన పని చూడండి. బ్రిజ్ కొఠారి అనే పరిశోధకుడు 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో ఒక పని మొదలుపెట్టారు. టీవీలో సినిమా పాట కింద అదే భాషలో అక్షరాలు వస్తాయి, పాడుతున్న మాట రంగు మారుతుంది. అరకొరగా చదివేవాళ్ల కళ్లు కూడా వాటంతట అవే అక్షరాల వెంట పోతాయి, చదువు మెరుగవుతుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే చదివే అభ్యాసాన్ని తీసేయమంటారేటి?

చంపావతి:
పాట సంగతి వేరు, కథ సంగతి వేరు. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది. తర్వాతి మాట ఏదో తెలుసు కాబట్టి కన్ను దాన్ని అందుకుంటుంది. కొత్త కథలో ఆ ఊతం లేదు. మొదటిసారి వింటూ, చూస్తూ, చదువుతూ మూడూ చేయమంటే ఆ వయసుకి బరువే.

బొబ్బిలి_బడి:
అయితే కథని కూడా నోటికి వచ్చేదాకా వేయండి. ఒక్కసారి వేసి ఆపేయమని ఎవరన్నారు?

వంశధార_ఎడిటింగ్:
వేయాలా వద్దా మీరు తేల్చుకోండి. వేస్తే మాత్రం సరిగ్గా వేయాలి. చాలా కథల్లో అక్షరాలు బొమ్మ మీదే ఎక్కి కూర్చుంటున్నాయి, వెనక వరసకి ఆనవు.

బొమ్మ గీసేటప్పుడే మొదలుపెట్టండి. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి 28 సెం.మీ. వెడల్పు, 15.75 సెం.మీ. ఎత్తు గల గడి గీయండి. అది 16:9, టీవీ తెర కొలత. అందులో అడుగున 3 సెం.మీ. ఖాళీ. పక్షి కాళ్లు ఆ గీత దాటి కిందికి రాకూడదు. ఫొటో కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ ఆపి, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. కాస్త వాలినా గడి ఒక పక్క సన్నబడుతుంది.

అక్షరం ఎంతుండాలి అంటే చివరి వరస దూరంలో 200వ వంతు. తరగతి గది 6 మీటర్లయితే 3 సెం.మీ. 43 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 53 సెం.మీ. కాబట్టి 1080 పిక్సెళ్ల తెర మీద ఇది 60 పైచిలుకు పిక్సెళ్లు. వరసకి మూడు నాలుగు మాటలు మించనివ్వకండి. రెండు వరసలు వేస్తే మధ్య ఎడం గట్టిగా ఉంచాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు, పలుకుతున్న మాట పసుపు. కొన్ని టీవీలు అంచుల్ని కోసేస్తాయి, అందుకని చుట్టూ 5 శాతం వదలండి.

అక్షరాల్ని నేరుగా ఎడిటింగ్ యాప్‌లో టైపు చేయొద్దు. కొన్నింట్లో ‘స్త్రీ’ విడిపోయి ముక్కలవుతుంది. పవర్‌పాయింట్‌లో మండలి ఫాంటుతో టైపు చేసి, స్లైడుని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి పెట్టుకోండి. మామూలు స్లైడు 1280×720 గానే వస్తుంది, పెద్ద తెర మీద అంచులు మసకేస్తాయి. స్లైడు కొలత 20×11.25 అంగుళాలు పెడితే 1920×1080 వస్తుంది. రంగు మారాలంటే అదే స్లైడుని డూప్లికేట్ చేసి తర్వాతి మాటకి పసుపు వేయడమే. విసుగు పని, కానీ ఏ కంప్యూటర్లోనైనా నడుస్తుంది.

గొంతు విషయంలో ఒక్కటే. 12 బొమ్మలకి 12 ఫైళ్లు విడివిడిగా రికార్డు చేయండి, ఒకచోట తడబడితే అదొక్కటే మళ్లీ చదువుకోవచ్చు. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి. ఎదురుగా పెడితే ప, భ దగ్గర ఊపిరి మైకుని కొడుతుంది. ఫ్యాను ఆపండి, ఫ్లైట్ మోడ్ వేయండి.

నాగావళి:
అక్షరాలు వేస్తే గొంతూ రాతా పొల్లుపోకుండా ఒకటే అయి తీరాలి. గొంతు ‘బేగి ఎగిరిపోనాయి’ అని, కింద ‘త్వరగా ఎగిరిపోయాయి’ అని ఉంటే బొబ్బిలి వారు చెప్పిన లాభం అక్కడితో సరి. పిల్ల విన్న మాటని కింద వెతుక్కుంటుంది, దొరకదు. కథకుడి మాట పుస్తకంలోలా, పాత్రల మాట ఊళ్లోలా పెట్టి, రెండింటినీ పలికినట్టే రాయండి. గిడుగు వారి జిల్లాలో దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సీతంపేట వైపు సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలుంటే లెక్క ఇంకోలా ఉంటుంది. సవరలో చెప్పి తెలుగు అక్షరాలు వేస్తే అది అనువాదం. దాంతో చదవడం రాదు. సవర గొంతుకి సవర మాటలే తెలుగు లిపిలో వేయాలి.

గార_ఛాత్రోపాధ్యాయిని:
నిమిషానికి ఎన్ని మాటలు చదవాలండీ? అక్షరాలు లేనిదీ ఉన్నదీ రెండూ చేస్తే ఒక పీరియడ్‌లో కుదురుతుందా?

బొబ్బిలి_బడి:
ఈ తరగతికి నిమిషానికి 60 చాలు. రెండున్నర నిమిషాలకి 150 మాటలు, ఇందులోనే ఊపిరి తీసుకునే ఖాళీలు కూడా. స్క్రిప్టు 200 దాటిందంటే కత్తెర పట్టండి. మొదట అక్షరాలు లేనిది వేసి పక్షుల గురించి మాట్లాడించండి. ఆ తర్వాత అక్షరాలున్నది రెండుసార్లు. మూడూ కలిపి ఏడున్నర నిమిషాలు. రెండోసారి గొంతు మ్యూట్ చేస్తే పిల్లలే చదువుతారు, అప్పుడు ఎవరికి ఎక్కడ ఆగుతోందో మీకు తెలిసిపోతుంది.

చంపావతి:
మొదటిసారి అక్షరాలు లేకుండా అన్నారు కాబట్టి సగం దారికి వచ్చారు. మిగతా సగం నేను రాను. అక్షరాలు తెర మీద కంటే కాగితప్పట్టీ మీద మేలు. కథలోని 12 వాక్యాలు 12 పట్టీల మీద రాసి పంచండి, బొమ్మ ఆపి ‘ఈ బొమ్మ పట్టీ ఎవరి దగ్గరుంది?’ అని అడగండి. తెర మీది మాట నాలుగు సెకన్లలో పోతుంది, పట్టీ పిల్ల చేతిలో ఉంటుంది.

బొబ్బిలి_బడి:
అరవై మంది ఉన్న గదిలో 12 పట్టీలు ఎవరికి సరిపోతాయి?

చంపావతి:
గుంపుకి ఒకటి. మీ టీవీ మాత్రం అరవై మందికీ ఒకటే కదా!

వంశధార_ఎడిటింగ్:
మీ వాదన నడవనివ్వండి, అమ్మాయికి ఫైలు సంగతి చెప్పి పోతాను. రెండు వెర్షన్లకీ ఒకటే ప్రాజెక్టు. అక్షరాల ట్రాకుని దాచి ఒకసారి, చూపించి ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైలు రకం ఎంపీ4, వీడియోని కుదించే పద్ధతి (కోడెక్) హెచ్.264 పెట్టండి. హెచ్.265 కొన్ని టీవీల్లో ఆడదు. బిట్‌రేటు 2 ఎంబీపీఎస్ పెడితే ఒక్కోటి 40 ఎంబీ లోపే వస్తుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. ఫైలు పేరు తెలుగులో పెడితే కొన్ని టీవీలు డబ్బాలు చూపిస్తాయి, అంకెలతో 01, 02 అని పెట్టండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపుకుంటే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పక్షుల ఫొటోలు నెట్‌లోంచి తీసుకుంటే తరగతిలో చూపడం ఒక ఎత్తు, యూట్యూబ్‌లో పెట్టడం ఇంకో ఎత్తు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52 బోధనకి ఇచ్చే వెసులుబాటు యూట్యూబ్ దాకా రాదు. పిల్లలు గీసిన బొమ్మలు వాడితే ఆ గొడవే లేదు, వాళ్లని ఒక మాట అడిగి, చివర్లో పేర్లు వేయండి. ఆ పేర్లకి కూడా 60 పిక్సెళ్లు.