పదహారు రోజుల పాప: అత్తగారిని నొప్పించకుండా కొన్ని అలవాట్లను ఎలా మాన్పించాలి?

ప్రశ్న (పాప తల్లి, తిరుపతి)

నమస్కారం. పదహారు రోజుల క్రితం మాకు ఆపరేషన్ ద్వారా పాప పుట్టింది. పుట్టినప్పుడు 2.8 కిలోలు ఉన్న బిడ్డ ఐదో రోజుకు 2.6 కిలోలకు తగ్గి, 14వ రోజున తూచినప్పుడు 2.85 కిలోలకు వచ్చింది. మా అమ్మ లేదు. అందుచేత పుట్టింట్లో జరగవలసిన పురుడు ఇక్కడే జరిగింది. పలమనేరు దగ్గరి పల్లె నుంచి మా అత్తగారు పాడి పశువులను మామగారికి అప్పగించి వచ్చి, ఇన్ని రోజులుగా నాకూ బిడ్డకూ అన్నీ తానై చేస్తున్నారు. ఆమె రాకపోయి ఉంటే నేను ఏమైపోయేదాన్నో ఊహించుకోలేను.

ఇబ్బందంతా నాలుగైదు అలవాట్ల దగ్గరే వస్తోంది. నీళ్లు పోసేటప్పుడు పాప ముక్కులోనూ చెవుల్లోనూ కొబ్బరినూనె చుక్కలు వేస్తారు. ఆ తరువాత తలుపులు మూసి సాంబ్రాణి పొగ పడతారు. వసకొమ్మును దీపం మీద కాల్చి, సానరాయి మీద అరగదీసి, చనుబాలతో కలిపి నాకించాలంటారు. మధ్యాహ్నపు ఎండకు బిడ్డ నోరు ఎండిపోతుందని చక్కెర నీళ్లు పట్టబోతారు. నాకేమో పత్యం పేరుతో రోజంతటికీ రెండు గ్లాసుల నీళ్లే ఇస్తున్నారు. నెల తిరగగానే బిడ్డను కొండకు తీసుకుపోవాలన్న మొక్కు కూడా ఆమెకు ఉంది.

ఇవేవీ వద్దని ఆసుపత్రిలో చెప్పి పంపారు. నిన్న సాంబ్రాణి వద్దన్నప్పుడు ఆమె ఒక్క మాట కూడా అనలేదు గానీ, రాత్రి అన్నం సరిగా తినలేదు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. వీటిలో నిజంగా మాన్పించవలసినవి ఏవి, చూసీచూడనట్టు వదిలేయదగినవి ఏవి, చెప్పవలసినవాటిని ఎలా చెప్పాలో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

జవాబు (రిటైరైన నర్సు, తిరుపతి)

అమ్మా, నవజాత శిశువుల వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి రాస్తున్నాను. ముందు బరువు సంగతి చెబుతాను. బిడ్డ మొదటి రోజుల్లో కొంత తగ్గి, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావడం సహజం. మీ పాప దానిని దాటింది కూడా. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ ఉంటే మీ పాలు చాలుతున్నట్టే. ఈ మాటను అన్నిటికంటే ముందు మీ అత్తగారికి చెప్పండి, ఎందుకంటే చక్కెర నీళ్ల వెనక ఉన్నది బిడ్డ ఆకలితో ఉందేమోనన్న భయమే. చనుబాలలో ఎక్కువ భాగం నీరే కనుక, కత్తిరి ఎండల్లో కూడా ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు వేరే నీళ్లు అక్కరలేదు. ఆ నీళ్లతో చిన్న కడుపు నిండిపోతే పాప రొమ్ము పట్టడం తగ్గుతుంది, దానితో మీకు పాలు పడడమూ తగ్గుతుంది. నీళ్లు తాగవలసింది మీరు. దాహం వేసినప్పుడల్లా తాగండి, ఆకుకూరలు, పప్పు, గుడ్డు కూడా తినండి.

ముక్కులో నూనె మాత్రం నేటి నుంచే ఆగిపోవాలి. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. మూసిన గదిలో పొగ కూడా ఆ లేత ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వస, తేనె, గ్రైప్ వాటర్ ఏవీ నోట్లో పెట్టకూడదు. ఒంటికి నూనె రాసి మెల్లగా మర్దన చేయడంలో తప్పు లేదు, కాబట్టి దానిని మాన్పించకండి. అయితే బొడ్డు ఇంకా ఊడకపోతే దానికి నూనె, పసుపు తగలనీయకుండా పొడిగా ఉంచాలి.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్నది ప్రభుత్వ నియమం. ఇరవై ఒకటో రోజున ఆమె వచ్చినప్పుడు అత్తగారిని పక్కన కూర్చోబెట్టి, మీ సందేహాలను ఆమె ముందే అడగండి. కోడలి నోట విన్నప్పుడు ఎదురు మాటలా తోచేది, బయటి మనిషి చెప్పినప్పుడు అలా తోచదు.

బిడ్డ పాలు తాగడం మానేసినా, 100.4 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం ఉన్నా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా వేగంగా ఊపిరి తీస్తున్నా, అరచేతులు అరికాళ్లు పసుపుపచ్చగా కనిపించినా, ఇంటి వైద్యంతో ఒక్క పూట కూడా వృథా చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మీ ఏడుపు గురించి కూడా ఒక మాట. ప్రసవం తరువాత మొదటి రెండు వారాల్లో మనసు అలా కరిగిపోవడం చాలామందిలో ఉంటుంది, కానీ మీకు పదహారు రోజులు దాటాయి కనుక ఇంకా తగ్గకపోతే ఆ సంగతిని డాక్టరుకు తప్పక చెప్పండి.

జవాబు (నలుగురు మనవల అవ్వ, చిత్తూరు)

తల్లీ, నేను మీ అత్తగారి వైపు నుంచి రాస్తున్నాను. మా మొదటి మనవడికి సాంబ్రాణి వద్దని కోడలు అన్నప్పుడు, ముగ్గురు బిడ్డలను పెంచిన నా చేతులే తప్పు చేశాయన్నట్టు నాకు తోచింది. నేనూ ఆ రాత్రి అన్నం తినలేదు. తరువాత నా కోడలు చేసిన పని ఏమిటంటే, మాన్పించిన ప్రతిదానికీ బదులు ఇంకొక పనిని నా చేతికే అప్పగించింది. వసకొమ్మును నోట్లో పెట్టకుండా, పసుపుదారంతో ఉయ్యాల కొయ్యకు బిడ్డకు అందనంత ఎత్తున నేనే కట్టాను. కాటుకను కళ్లకు పెట్టకుండా, దిష్టి చుక్కగా అరికాలికి పెట్టాను. సాంబ్రాణిని బిడ్డ లేని చోట, పెరట్లో వేశాను. కాళ్ల మీద పడుకోబెట్టుకొని నీళ్లు పోయడం, దిష్టి తీయడం, ఉయ్యాల ఊపడం పూర్తిగా నాకే వదిలేసింది. మీ అత్తగారికి మీరు పరాయి బిడ్డ కాదు, లేకుంటే పశువులను వదిలి ఇన్నాళ్లు ఉండేవారు కాదు.

జవాబు (ఇద్దరు పిల్లల తండ్రి, తిరుపతి)

సోదరీ, మీ ప్రశ్నలో మీవారి ప్రస్తావనే లేదు. మా ఇంట్లో ఇదే పరిస్థితి వచ్చినప్పుడు మా అమ్మతో మాట్లాడింది నేనే. డాక్టరు చీటీని పక్కన పెట్టుకొని, నేను నా తల్లికి చెప్పవలసిన మాటను నా భార్య చేత ఎందుకు చెప్పించాలన్న ఆలోచనతో కూర్చున్నాను. అమ్మ ఒక గంట అలిగింది, అంతే. రాత్రి పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకొని త్రేన్చే వరకు తట్టడం, గుడ్డలు మార్చడం నేను చేశాను. బాలింతకు ఆ రెండు గంటల నిద్ర ఏ పత్యం కన్నా మేలు చేస్తుంది.

మొక్కు విషయంలో తొందర అక్కరలేదు. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను తిరుమలలో సుపథం మార్గాన దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది. మేము నెలన్నర టీకాలు అయ్యాక, మూడో నెలలో వెళ్లాము. జనన నమోదు మాత్రం 21 రోజుల్లోపు జరిగిందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఆయన నిన్న రాత్రి అత్తగారితో చాలాసేపు మాట్లాడారు. ముక్కులో నూనె ఆగిపోయింది. కొండకు మూడో నెలలో వెళ్దామని ఆమే అన్నారు. వసకొమ్ము ఇప్పుడు ఉయ్యాల కొయ్యకు వేలాడుతోంది. సాంబ్రాణి మీద ఇంకా మనసు పూర్తిగా ఒప్పినట్టు లేదు, 21వ రోజున ఆశా కార్యకర్త వచ్చాక అడుగుదామంటున్నారు. ఈ ఉదయం నేను పాలిస్తుండగా, ఏమీ అడగకుండానే, చెంబు నిండా గోరువెచ్చని నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లారు.