అప్‌డేట్: పి0340 కోడ్ పోయింది, తప్పు సెన్సర్‌ది కాదు

గత నెల ఇక్కడే అడిగాను: పెట్రోల్ కారు, ఇంజిన్ వేడెక్కాక ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది, మళ్లీ స్టార్ట్ అవ్వడానికి చాలాసేపు తిప్పాలి, కారులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే ప్రతిసారీ పి0340, అంటే క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ (ఇంజిన్ వాల్వులను తెరిచే షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో చెప్పేది) సర్క్యూట్‌లో తప్పు. సెన్సర్ రెండుసార్లు మార్చినా అంతే.

ఆ కోడ్‌లో 'సర్క్యూట్' అన్న మాట చూడమని, ముందు వైరింగ్ వెతకమని చెప్పినవాళ్లకు థ్యాంక్స్. అదే నిజమైంది. ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆన్‌లోనే ఉంచి, సెన్సర్ కనెక్టర్ నుంచి వైర్లను కొంచెం కొంచెంగా కదుపుతూ వచ్చాడు. ఒకచోట చెయ్యి పడగానే ఇంజిన్ ఠక్కున ఆగింది! టేపు విప్పితే సిగ్నల్ వైరు లోపల తెగి, పై తొడుగు మాత్రం బాగానే ఉంది. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌లో కంటిన్యుటీ వచ్చేది (వైరు తెగలేదని చూపేది), అందుకే నేను మోసపోయాను. ముక్క కోసి, కొత్త వైరు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) వేశాడు.

టైమింగ్ చైన్ (క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు) సాగిందేమోనన్న టెన్షన్ అనవసరం, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కూడా బాగానే ఉంది. కారులో మొదట ఉన్న సెన్సర్ పారేయలేదు, మళ్లీ అదే బిగించాం. మూడు వారాలైంది, చెక్ ఇంజిన్ లైటు రాలేదు.